పది గదుల లైను: నీటికి, మురుగుకు పూచీ ఎవరిది?

గత వర్షాకాలంలో మా బడి హాజరు పట్టీ చూస్తుండగా ఒక విషయం నా దృష్టికి వచ్చింది. వేర్వేరు తరగతులకు చెందిన ఏడుగురు పిల్లలు ఒకే వారంలో బడికి రావడం మానివేశారు. అందరికీ వాంతులు, విరేచనాలే. విచారించగా ఆ ఏడుగురూ ఒకే ఆవరణలో వరుసగా కట్టిన గదులలో బాడుగకు ఉంటున్న కూలీల పిల్లలని తేలింది. ఆ ఆవరణలో బోరు ఒకటే, సంపు ఒకటే, సెప్టిక్ ట్యాంకు ఒకటే. యజమాని దుర్మార్గుడు కాడు. అరెకరం అమ్మి, బ్యాంకులో అప్పు చేసి, కూతురి పెండ్లినాటికి నాలుగు రాళ్లు చేతికి వస్తాయని గదులు కట్టించుకున్నవాడు. గోడలకు రంగులు, నేలకు టైల్సు దగ్గరుండి వేయించాడు. భూమి లోపల ఏమి వేయాలో మాత్రం మేస్త్రీకి వదిలివేశాడు.

ఇది ఒక్క ఊరి కథ కాదు. 1970లలో హోసూరులో సిప్కాట్ పారిశ్రామికవాడ వెలసిననాటి నుండి మన సరిహద్దు పల్లెలలో బాడుగ గదులు కట్టడం ఒక వృత్తిగా మారింది. 2019లో హోసూరు నగరపాలక సంస్థ అయినది. కృష్ణగిరి జిల్లాలో ఎలక్ట్రానిక్స్ కర్మాగారాలు వచ్చాయి. కోలారు జిల్లాలో నర్సాపురం, వేమగల్ పారిశ్రామిక ప్రాంతాలు విస్తరించాయి. ఒడిశా, బీహారు, అస్సాం నుండి, మన రాయలసీమ నుండి కూడా యువతీ యువకులు పనికై వస్తున్నారు. వారికి తల దాచుకొనే చోటు కావాలి. రాగి చేను, గులాబీ తోట కంటె గదుల బాడుగ నిలకడైన ఆదాయమని రైతు కుటుంబాలు భావిస్తున్నాయి. తమిళనాడు వైపు లైను ఇండ్లని, కన్నడసీమలో వఠారమని పిలిచే ఈ గదులే నేడు అనేక తెలుగు కుటుంబాల వృద్ధాప్యపు పింఛను.

ఆ ఆశ తప్పు కాదు. అయితే ఈ పెట్టుబడి లాభమా నష్టమా అన్నది గోడలు, పైకప్పు తేల్చవు. నీరు, మురుగు తేలుస్తాయి. ఈ విషయాన్ని గదులు కట్టిన తరువాత కాక, కట్టక మునుపే ఆలోచించవలసి ఉన్నది.

ఇల్లు కట్టడం వేరు, లైను కట్టడం వేరు

నలుగురున్న ఇంటికి నీరు చాలకపోతే బిందె పట్టుకొని పక్కింటికి వెళ్లవచ్చు. సెప్టిక్ ట్యాంకు చిన్నదైనా ఏండ్ల తరబడి నెట్టుకు రావచ్చు. పది గదులు కట్టి ఒక్కొక్క గదిలో నలుగురిని ఉంచిన వెంటనే నలభై మంది అవుతారు. నలభై మంది అంటే ఒక చిన్న వీధి. ఆ వీధికి నీరు తెచ్చేవాడు, నీరు మంచిదో కాదో చూసేవాడు, మురుగు తీసేవాడు అన్నీ ఆ యజమానే. పురపాలక సంఘం చేయవలసిన పనులన్నీ అతడు తనకు తెలియకుండానే నెత్తికెత్తుకున్నాడు. పురపాలక సంఘానికి ఇంజనీరు, ఆరోగ్యాధికారి, పన్నుల ఆదాయం ఉంటాయి. మన యజమానికి ఉన్నది నెలనెలా వచ్చే బాడుగ మాత్రమే.

నీటి లెక్క

బడిపిల్లల లెక్క వలె వేసి చూద్దాం. 2019లో మొదలైన జల్ జీవన్ పథకం గ్రామాలలో మనిషికి రోజుకు 55 లీటర్లు లక్ష్యంగా పెట్టుకున్నది. భూగర్భ మురుగు కాలువలున్న పట్టణాలకు కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగు ప్రమాణం 135 లీటర్లు. రెంటికీ నడుమ 100 లీటర్లు అనుకుందాం. నలభై మందికి రోజుకు 4,000 లీటర్లు, నెలకు 1,20,000 లీటర్లు.

బోరు ఆడినంతకాలం ఈ అంకె ఎవరికీ కనిపించదు. బోరు ఆగిన నాడు ఏమవుతుంది? 2024 మార్చిలో బెంగళూరు నీటి కరువు వేళ నగరంలోని సుమారు 14 వేల ప్రభుత్వ బోర్లలో దాదాపు సగం ఎండిపోయినట్లు కర్ణాటక ప్రభుత్వమే ప్రకటించింది. ట్యాంకర్ల దోపిడి అరికట్టడానికి జిల్లా యంత్రాంగం ధరలు కట్టడి చేసింది. అయిదు కిలోమీటర్ల లోపు 6,000 లీటర్ల ట్యాంకరుకు 600 రూపాయలు, 12,000 లీటర్ల ట్యాంకరుకు 1,000 రూపాయలు; అయిదు నుండి పది కిలోమీటర్ల దూరమైతే 750, 1,200 రూపాయలు.

ఆ కట్టడి ధరలే మన పది గదులకు వర్తింపజేసి చూద్దాం. పెద్ద ట్యాంకర్లయితే నెలకు పది కావాలి. దూరాన్ని బట్టి పది నుండి పన్నెండు వేల రూపాయలు. సంపు చిన్నదై పెద్ద ట్యాంకరు నీరు పట్టకపోతే చిన్నవి ఇరవై తెప్పించాలి. ఖర్చు పన్నెండు నుండి పదిహేను వేలు. గదికి 4,000 చొప్పున బాడుగ అనుకుంటే మొత్తం ఆదాయం 40,000. అందులో నాలుగవ వంతు నుండి మూడవ వంతు కంటె ఎక్కువ వరకు నీటికే పోతుంది. మిగిలిన దానిలో బ్యాంకు వాయిదా కట్టాలి. ఇవి ప్రభుత్వం కట్టడి చేసిన ధరలు. కట్టడి లేని చోట ట్యాంకరు వాడు చెప్పినదే ధర. సంపు కట్టేటప్పుడు నాలుగు అడుగులు తగ్గించి ఆదా చేశామనుకొనే డబ్బు ఒక్క వేసవిలోనే తిరిగి పోతుంది.

వాననీటిని పడితే చాలదా అని కొందరు అడుగుతారు. అదీ లెక్క వేద్దాం. 1,200 చదరపు అడుగుల కప్పు అంటే సుమారు 111 చదరపు మీటర్లు. ఏటా 750 మిల్లీమీటర్ల వాన కురిసి, అందులో ఎనభై పాళ్లు పట్టగలిగితే సుమారు 66,000 లీటర్లు. నలభై మందికి ఇది పదహారు రోజుల నీరు. వాననీటిని పట్టడం మంచిదే, బోరుకు అది బలమే. అయితే పదహారు రోజుల నీరు ఏడాది నీరు కాజాలదు.

బోరును ఎంతవరకు నమ్మవచ్చు?

మన నేల కింద ఉన్నది నల్లరాయి, పలుగురాయి. అందులో నీరు చెరువు వలె నిండి ఉండదు. పగుళ్లలో దాగి ఉంటుంది. ఒకరి బోరులో మూడంగుళాల నీరు పడితే పక్కవారి బోరు వట్టిపోవచ్చు. పక్కవారు ఇంకా లోతుకు వేస్తే మన నీరు అటు పోవచ్చు. కోలారు జిల్లాలో వెయ్యి అడుగులు దాటిన బోర్లు నేడు వింత కాదు. కర్ణాటకలో 2011 నాటి భూగర్భ జల చట్టం ప్రకారం, ప్రభుత్వం ప్రకటించిన తాలూకాలలో బోరు వేయడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. ఎండితే మరొకటి వేద్దాంలే అన్న ధీమా ఇక చెల్లదు.

నీరు పడినంత మాత్రాన తాగదగినదని కూడా అనుకోరాదు. భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు సహించవచ్చు. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల ప్రజలు తరతరాలుగా ఈ ఫ్లోరైడు బాధితులు. హొగెనకల్ కావేరి నీటిని ఈ రెండు జిల్లాలకు తెచ్చిన పథకం పేరులోనే ఫ్లోరోసిస్ నివారణ అన్న మాట ఉన్నది. జపాను ఆర్థిక సహాయంతో నిర్మించిన ఆ పథకం 2013లో ప్రారంభమైనది. ప్రభుత్వం కావేరి నుండి నీరు తెచ్చినది బోరు నీటిలోని ఈ దోషం వల్లనే. అదే బోరు నీటిని పరీక్షించకుండా నలభై మందికి పోయడం సబబా?

మరొకటి నైట్రేటు. ఎరువుల నుండి, మలమూత్రాల నుండి ఇది భూగర్భ జలంలో చేరుతుంది. లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించరాదు. పోత పాలు కలపడానికి ఈ నీరు వాడితే పసిబిడ్డల రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలివర్ణం దాలుస్తుంది. నీరు కాచితే సూక్ష్మజీవులు చస్తాయి గాని నైట్రేటు పోదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ దాని పాలు పెరుగుతుంది. కాచి తాగితే చాలునన్న మన పెద్దల మాట ఇక్కడ పనికిరాదు. నైట్రేటు ఎక్కువగా ఉన్నదంటే సమీపంలోని మురుగు మన బోరులోకి దిగుతున్నదేమోనని అనుమానించవలసి ఉన్నది.

ముప్పై, నలభై, యాభై

మురుగు విషయంలో మనవారిలో ఒక అపోహ ఉన్నది. సెప్టిక్ ట్యాంకు మురుగును మాయం చేస్తుందని చాలామంది నమ్ముతారు. ట్యాంకు చేసేది ఒక్కటే పని: మడ్డిని అడుగున ఆపి, పై నీటిని బయటికి వదలడం. వాడిన నీటిలో ఎనభై పాళ్లు మురుగవుతుందని ఇంజనీర్ల అంచనా. మన పది గదుల లైనులో అది రోజుకు 3,200 లీటర్లు. ఆ నీరంతా ప్రతి దినమూ ఎక్కడికో పోవాలి. వీధి కింద మురుగు కాలువ లేని పల్లెలో అది పోయే చోటు ఇంకుడు గుంత మాత్రమే. అడుగున బండ ఉన్నా, బంకమన్ను ఉన్నా గుంత తాగదు. తాగని గుంత పొంగుతుంది, వీధిలో పారుతుంది, ఇరుగుపొరుగుతో తగవు తెస్తుంది. బండ పగుళ్లలోకి దిగితే ఇంకా ప్రమాదం. పైకి పొడిగా కనిపిస్తూనే ఆ మురుగు బోరును చేరుతుంది.

భారతీయ ప్రమాణాల సంస్థ చెప్పిన నియమం ఒకటి ఉన్నది. ఇంకుడు గుంతకూ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు, అనగా సుమారు 59 అడుగుల దూరం ఉండాలి. మన పల్లెలలో అమ్ముడుపోయే స్థలం సాధారణంగా ముప్పై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు. ఈ స్థలంలో ఒక మూల బోరు, దానికి ఎదురు మూల ఇంకుడు గుంత పెట్టినామనుకోండి. మధ్య దూరమెంత? ఉన్నత పాఠశాలలో లంబకోణ త్రిభుజం చదివిన ఏ పిల్లవాడైనా చెబుతాడు: యాభై అడుగులు. ఆ స్థలంలో ఎక్కడ పెట్టినా ఇంతకంటె దూరం రాదు. అంటే ముప్పై-నలభై స్థలంలో బోరు, ఇంకుడు గుంత రెండూ ఉంటే నియమం తప్పినట్లే. పక్క స్థలాలలోని గుంతలు కూడా మన బోరుకు అంతకంటె దగ్గరగా ఉండవచ్చు. బండనేలలో 18 మీటర్లు కూడా అభయహస్తం కాదన్నది వేరే మాట.

మొదట చెప్పిన ఆవరణలో బోరుకూ గుంతకూ నడుమ దూరం అడుగులు వేసి కొలిచాను. ఇరవై అయిదు అడుగులకు మించలేదు.

ట్యాంకు నిండితే

ట్యాంకులోని మడ్డిని రెండు మూడేండ్లకు ఒకసారి తీయించాలని నిబంధన. నలభై మంది వాడే ట్యాంకు చిన్నదైతే అంతకంటె త్వరగా నిండుతుంది. అప్పుడు లారీ లోపలికి రాలేదనో, డబ్బు ఎక్కువనో మనిషిని దింపే దురాచారం ఇంకా కొనసాగుతున్నది. లోపలి విషవాయువు మనిషిని కేక వేయనీయకుండానే పడవేస్తుంది. అతడిని కాపాడబోయి దిగిన రెండవవాడూ ప్రాణాలు విడిచిన వార్తలు ఏటేటా చదువుతున్నాం.

2013 నాటి చట్టం ప్రకారం రక్షణ సాధనాలు లేకుండా ఎవరినైనా సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరం. అధికారులకే కాదు, పని చేయించిన ఏ వ్యక్తికైనా ఈ చట్టం వర్తిస్తుంది. తొలి నేరానికే రెండేండ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇటువంటి మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుండి 30 లక్షల రూపాయలకు పెంచింది. పది గదుల యజమాని ఒక్కనాటి తొందరపాటుతో ఒక నిండు ప్రాణాన్ని తీసి, తన లైనునూ పోగొట్టుకోవచ్చు.

లారీ పిలిచినంత మాత్రాన పూచీ తీరిందని కూడా అనరాదు. ఆ లారీ ఎక్కడ ఖాళీ చేస్తుంది? రాత్రివేళ చెరువుకట్ట కింద వదిలితే ఆ మురుగు మన ఊరి బోర్లకే తిరిగి వస్తుంది. మార్గం లేకపోలేదు. మనకు చేరువలోని దేవనహళ్లిలో 2015లోనే మలమడ్డిని శుద్ధిచేసే కేంద్రం వెలసింది. పట్టణ స్థాయిలో దేశంలో ఇటువంటి కేంద్రం అదే మొదటిది. ఆ తరువాత తమిళనాడులోనూ ఇటువంటివి ఏర్పడినాయి. మీ లారీ ఏ కేంద్రానికి పోతుందో అడిగి, రసీదు తీసుకోవడం యజమాని ధర్మం.

మురుగుకు సరిహద్దు లేదు

ఊరి పొలిమేర దాటితే మురుగు మనది కాదనుకోవడం ఎంత భ్రమో హోసూరువారికి చెప్పనక్కరలేదు. నంది కొండలలో పుట్టిన దక్షిణ పినాకినిలో బెంగళూరు మురుగు బెళ్లందూరు, వర్తూరు చెరువుల మీదుగా కలుస్తుంది. కెలవరపల్లి జలాశయం వద్ద వానాకాలంలో పొంగే తెల్లని నురుగు ఆ నగరం మనకు పంపే లేఖ. 2017, 2018 సంవత్సరాలలో బెళ్లందూరు చెరువు మీద మంటలు లేచిన సంగతి దేశమంతా చూసింది.

కోలారు వైపు మరొక ప్రయోగం జరుగుతున్నది. 2018 నుండి బెంగళూరు మురుగును శుద్ధిచేసి కోరమంగళ-చెల్లఘట్ట పథకం ద్వారా కోలారు చెరువులకు పంపుతున్నారు. తొలినాళ్లలో నురుగు కనిపించడంతో న్యాయస్థానం కొంతకాలం ఆపింది, తరువాత సాగనిచ్చింది. ఎండిన చెరువులు నిండాయని సంతోషించేవారూ ఉన్నారు, శుద్ధి చాలదని ఆందోళన చెందేవారూ ఉన్నారు. ఆ వాదం ఎటు తేలినా, చెరువు సమీపంలో లైను కట్టేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. భూగర్భ నీటిమట్టం పైకి వచ్చిన చోట ఇంకుడు గుంతలోని మురుగుకూ భూగర్భ జలానికీ మధ్య నేల జల్లెడ పలుచబడుతుంది. బోరు నిండిందని మురిసేవేళ పరీక్ష మరింత అవసరమవుతుంది.

అమెరికాలో ఇదే చిక్కు

యజమాని ఒకడు, కాపురాలు అనేకం, నీటి ఆధారం ఒక్కటి అన్న ఏర్పాటు మనకే ప్రత్యేకం కాదు. అమెరికాలో మొబైల్ హోం పార్కులని ఉన్నాయి. కర్మాగారంలో తయారైన ఇంటిని చక్రాల మీద తెచ్చి ఒక స్థలంలో నిలుపుతారు. చాలాచోట్ల ఇల్లు కాపురమున్నవారిది, కింది నేల యజమానిది. నేలకు బాడుగ కడతారు. నీరు, మురుగు ఏర్పాట్లు యజమాని చూస్తాడు. ఇటువంటి పార్కును కొనదలచినవారు అక్కడ మొదట అడిగే ప్రశ్నలు ఇవే: నీరు నగరానిదా, సొంత బావిదా? మురుగు నగర కాలువలోకి పోతుందా, సెప్టిక్ ట్యాంకులోకా, పార్కు సొంత శుద్ధి కుంటలోకా? గొట్టాలు ఎన్నేండ్లవి? మీటరు మొత్తానికి ఒకటేనా, ఇంటింటికీ ఉన్నదా? నగరం వారు ఒకే పెద్ద మీటరు పెట్టిన చోట లోపలి గొట్టంలో చిల్లు పడితే కారిపోయిన నీటికి యజమానే కట్టాలి. అమెరికాలో స్థిరాస్తిలో డబ్బు పెట్టే మన పిల్లలు ఇంటికి ఫోను చేసినప్పుడు తల్లిదండ్రులు ఈ ప్రశ్నలు వారికి గుర్తుచేయవచ్చు.

అక్కడ 1974 నాటి తాగునీటి రక్షణ చట్టం ఒక గీత గీసింది. పదిహేను కనెక్షన్లకు గాని, ఏడాదిలో అరవై రోజులైనా పాతిక మందికి గాని నీరందించే ఏర్పాటు ప్రజా జలవ్యవస్థ అవుతుంది. సొంత బావి నుండి నీరిచ్చే పార్కు యజమాని ఆ గీత దాటితే నీటిని క్రమం తప్పక పరీక్షించి, ఫలితాలు తెలపాలి.

చట్టమున్నా అక్కడ అన్యాయం జరగడం లేదని కాదు. కాలిఫోర్నియాలోని థర్మల్ ప్రాంతంలో ఓయాసిస్ అనే పార్కు ఉన్నది. వెయ్యి మందికి పైగా, ఎక్కువగా వ్యవసాయ కూలీలు, అక్కడ కాపురముండేవారు. బావి నీటిలో పాషాణం లీటరుకు 10 మైక్రోగ్రాముల పరిమితికి దాదాపు పది రెట్లు ఉన్నట్లు తేలడంతో, 2019 ఆగస్టులో సమాఖ్య పర్యావరణ సంస్థ వేరే మంచినీరు సమకూర్చవలసిందిగా అత్యవసర ఉత్తర్వు జారీ చేసింది. పేదల బాడుగ మీద బ్రతికే ఆస్తికి నీటిదోషం ఎంత పెద్ద గండమో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మన లైనులో పాతిక మంది కాదు, నలభై మంది ఉన్నారు. ఇక్కడ నీటిని ఎవరు పరీక్షించాలి? ప్రస్తుతం సమాధానం ఒక్కటే: యజమాని మనస్సాక్షి.

మాటలు కాదు, రసీదులు

స్థలం అమ్మే దళారి నోట రెండు మాటలు తప్పక వినిపిస్తాయి. తమిళనాడు వైపు పాతాళ సాక్కడై వస్తున్నదంటాడు. కర్ణాటక వైపు ఒళచరండి మంజూరైనదంటాడు. రెండూ భూగర్భ మురుగు కాలువకు పేర్లే. వస్తున్నది వేరు, వచ్చినది వేరు, మన గడపకు కలిసినది వేరు. కాగితం తమిళంలోనో కన్నడంలోనో ఉన్నదని మన పెద్దలు చదవకుండానే వేలిముద్ర వేయరాదు. బడికి పోయే మనుమడి చేత చదివించుకోవాలి. కనెక్షను రసీదు చూపితేనే నమ్మాలి.

లేఅవుటుకు ఆమోదమున్నదో లేదో చూడడం నీటి విషయంలోనూ ముఖ్యమే. 2016లో మద్రాసు హైకోర్టు ఆమోదంలేని స్థలాల రిజిస్ట్రేషనును ఆపినది, 2017లో ప్రభుత్వం క్రమబద్ధీకరణ పథకం తెచ్చినది మనకు గుర్తే. అదే విధంగా 500 చదరపు మీటర్లకు లేదా ఎనిమిది స్థలాలకు మించిన లేఅవుటు 2016 నాటి కేంద్ర స్థిరాస్తి చట్టం కింద నమోదు కావాలి. ఆమోదం లేని చోట రేపు కాలువ వేసేటప్పుడు మన వీధి ఆ పటంలో ఉండకపోవచ్చు.

ఇంటింటి కొళాయి ఉన్నది కదా అనేవారికి ఒక మాట. ఆ కొళాయి ఒక కుటుంబానికని ఇచ్చినది. దానికి మోటారు బిగించి పది గదులకు లాగితే వీధి చివరి ఇంటి ఆడపడుచు ఖాళీ బిందెతో నిలబడుతుంది.

కట్టక మునుపు చేయవలసినవి

మొదటిది, బోరు నీటిని కార్తీకంలో కాదు, చైత్ర వైశాఖాలలో కొలవాలి. గంటల తరబడి మోటారు వేసి నీరు ఎంతసేపు నిలుస్తుందో చూడాలి. చుట్టుపక్కల బోర్ల లోతులు విచారించాలి.

రెండవది, నీటిని రసాయనికంగానూ, సూక్ష్మజీవుల కొరకూ పరీక్షించాలి. తమిళనాడులో నీటి సరఫరా బోర్డు ప్రయోగశాలలు, కర్ణాటకలో గ్రామీణ తాగునీటి శాఖ ప్రయోగశాలలు జిల్లాలలో ఉన్నాయి. వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి చేయించాలి.

మూడవది, ఇంకుడు గుంత తీసే చోట చిన్న గుంత తవ్వి నీరు నింపాలి. మరునాడు మళ్లీ నింపి గంటకు ఎన్ని అంగుళాలు దిగుతుందో చూడాలి. నీరు కదలకపోతే ఆ స్థలం పది గదులను మోయదు; నాలుగింటితో సరిపెట్టుకోవాలి. సెప్టిక్ లారీ గొట్టం చేరేంత దారి వదలాలి.

నాలుగవది, గదికొక నీటి మీటరు బిగించి, ఎన్ని లీటర్ల వరకు బాడుగలో కలిసినదో, పైన ఎంత కట్టాలో బాడుగ పత్రంలో వ్రాయాలి. ఇందువల్ల వృథా తగ్గుతుంది, తగవులూ తగ్గుతాయి. అయితే తాగునీటికి కత్తెర వేసి లాభం చూడడం పాపం.

ఇవన్నీ చేస్తే ఏమి మిగులుతుందని అడగవచ్చు. చేయకపోతే ఏమి పోతుందో కూడా అడగాలి. 2021 డిసెంబరులో శ్రీపెరుంబుదూరు వద్ద ఫాక్స్‌కాన్ కర్మాగారపు మహిళా కార్మికుల వసతిగృహంలో ఆహారం విషతుల్యమై 150 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. కార్మికులు రోడ్డెక్కారు. కిక్కిరిసిన గదులు, నీరు రాని మరుగుదొడ్లు లోకానికి తెలిశాయి. కర్మాగారం మూడు వారాలకు పైగా మూతపడినది. అంత పెద్ద సంస్థకే వసతి లోపం గండమైతే, పది గదుల యజమాని ఎంత?

మొదట చెప్పిన యజమాని బోరు నీటిని పరీక్షకు పంపగా మలసంబంధమైన సూక్ష్మజీవులు ఉన్నట్లు తేలింది. అతడు ఆ గుంతను పూడ్చి, పక్క పొలంలో కొంత చోటు కొని దూరంగా మరొకటి తీయించాడు. మొదటనే చేసి ఉంటే అయ్యే ఖర్చుకు రెండింతలు అయినదని నాతో చెప్పాడు. ఈలోగా మూడు గదులు ఖాళీ అయ్యాయి. ఏడుగురు పిల్లలలో అయిదుగురు తిరిగి బడికి వచ్చారు. తక్కిన ఇద్దరి తల్లిదండ్రులు ఊరు విడిచి వెళ్లారు. ఆ పిల్లలు మరల ఏ బడిలోనైనా చేరారో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. వారి పేర్లు పట్టీ నుండి కొట్టివేయవలసి వచ్చింది.

పూర్వం మన ఊళ్లలో చెరువు నీరు పంచడానికి నీరుగంటి ఉండేవాడు. ఏ మడికి ఎంత, ఎవరి వంతు ఎప్పుడు అన్నది అతడి పూచీ. తప్పు జరిగితే ఊరి ముందు నిలబడి సమాధానం చెప్పేవాడు. నేడు లైను కట్టిన ప్రతి యజమానీ తన ఆవరణకు నీరుగంటియే. మార్చి 22, ప్రపంచ నీటి దినం నాడు తమిళనాడు పంచాయతీలలో గ్రామసభ జరుగుతుంది. కర్ణాటక వైపు గ్రామసభలు ఉండనే ఉన్నాయి. మన ఊరిలో బాడుగ గదులెన్ని, వాటి బోర్లు ఎక్కడ, గుంతలు ఎక్కడ అన్న పట్టిక ఒకటి తయారుచేయమని ఆ సభలో అడుగుదాం. గదులు కట్టినవారే ముందుగా లేచి అడిగితే ఆ మాటకు బలం ఎక్కువ.